ఉత్తరగిరి ఎక్కిన దేహం: తెలుగు కావ్యాలలో చలి, గాలి, అలసట

సంగ్రహం

తెలుగు కావ్యాలలో హిమాలయం వర్ణనకు, తపస్సుకు, పరలోకయాత్రకు నెలవుగా కనిపించినంతగా కాలినడకన ఎక్కవలసిన కొండగా కనిపించదు. మనుచరిత్రలో ప్రవరుని ప్రయాణం, భారతంలోని గంధమాదన, మహాప్రస్థాన ఘట్టాలు, హరవిలాసంలో పార్వతి తపస్సు, పల్నాటిలో ప్రచారంలో ఉన్న కోటప్పకొండ గొల్లభామ కథ అనే వీటిలో కొండ ఎక్కేవారి దేహం పట్ల కథనం ఎంత శ్రద్ధ చూపిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కొండమీద పడిపోయిన మనిషిని అలసినవారిగా చూడాలా, దోషిగా చూడాలా అన్నది ఇందులోని ప్రధాన ప్రశ్న.

కీలకపదాలు: మనుచరిత్ర, ఆరణ్యపర్వం, మహాప్రస్థానం, శరదృతువు, కోటప్పకొండ, పర్వతారోహణ

ప్రవేశిక

శావల్యాపురం, వినుకొండ వైపు పల్లెల నుంచి వచ్చే డిగ్రీ విద్యార్థులకు ఒకసారి మనుచరిత్ర పాఠం చెబుతున్నాను. ప్రవరుడు హిమాలయం చేరాడు, మంచు తగిలి పాదలేపం కరిగిపోయింది, తిరిగి వెళ్లే దారి తెలియక తిరుగుతున్నాడు. వెనక బెంచీలో ఒక అబ్బాయి లేచి, "సార్, ఆయన దుప్పటేమన్నా తీసుకెళ్లాడా?" అన్నాడు. తరగతి అంతా నవ్వింది, నేనూ నవ్వాను. నవ్వి, పద్యంలోని అలంకారాల వైపు మళ్లాను. పాఠం అయిపోయింది కానీ ప్రశ్న అయిపోలేదు.

ఆ అబ్బాయికి చలి తెలియనిది కాదు. ఎండలకు పేరుపడ్డ పల్నాటిలో కూడా పుష్యమాసపు తెల్లవారుజామున మిరపకోతకు వెళ్లే కూలీలు తలకు తువ్వాలు చుట్టుకొని, చేతులు చంకల్లో పెట్టుకొని నడుస్తారు. చలి అంటే ముందుగా దేహానికి తెలిసే సంగతి అని వాళ్లకు ఎవరూ చెప్పనవసరం లేదు. మంచుకొండ మీద పగలంతా తిరిగిన మనిషికి కావ్యం మొత్తంలో ఒక్కసారైనా వణుకు ఎందుకు పుట్టలేదన్నది సాహిత్యవిమర్శ అడగదగిన ప్రశ్నే. దానికి 'కావ్యంలో అలాంటివి అడగకూడదు' అన్న జవాబు సరిపోదు. కావ్యం దేన్ని చెప్పిందో తెలుసుకోవడం ఎంత అవసరమో, దేన్ని చెప్పకుండా దాటిందో తెలుసుకోవడమూ అంతే అవసరం.

పాదలేపం, తాంబూలపు గాలి

మనుచరిత్ర మీద వచ్చిన విమర్శలో అధికభాగం ప్రవరుని నిష్ఠ, వరూధిని ప్రణయం అనే రెంటి చుట్టూ తిరిగింది. ప్రవరుడు ఒక పర్వతయాత్రికుడు అన్న సంగతి మీద నిలిచిన చర్చ తక్కువ. తెలుగు ప్రబంధసాహిత్యంలో ఉత్తరగిరి మీద కాలు మోపినవారిలో ఇతనంత ప్రసిద్ధుడు మరొకడు లేడు. దూరదేశాలు చూడాలన్న కోరిక ఇతనికి మొదటి నుంచీ ఉంది. తీర్థయాత్రికులు ఎవరు వచ్చినా ఎదురేగి, ఆతిథ్యమిచ్చి, వాళ్లు చూసిన చోట్ల గురించి అడిగి తెలుసుకొంటాడు. నిత్యాగ్నిహోత్రం, వృద్ధులైన తల్లిదండ్రులు, శిష్యులు ఇతన్ని అరుణాస్పదం దాటనివ్వరు. సిద్ధుడిచ్చిన పసరు ఈ చిక్కును తీర్చింది. దానివల్ల అతనికి చేకూరింది వేగం ఒక్కటే కాదు, ఎక్కే శ్రమ కూడా అతని పాదాల మీద నుంచి తొలగిపోయింది. మార్కండేయపురాణం నుంచి వచ్చిన ఈ కథాంశాన్ని పెద్దన అలాగే నిలుపుకొన్నాడు. శిఖరానికీ ఇంటికీ మధ్య ఉండవలసిన దారి కావ్యంలో లేకుండా పోయింది.

అక్కడ ప్రవరుడు చూసినవి అంబరాన్నంటే శిఖరాలు, ఎత్తు నుంచి దూకే సెలయేళ్లు, ఆ నీటి మోతకు ఆడే నెమళ్లు, చెట్లను కదిపే ఏనుగులు. ఏనుగులూ నెమళ్లూ తిరిగేది హిమాలయపు అడుగున ఉన్న అడవులలో. గడ్డకట్టిన మంచు ఉండేది అక్కడికి వేల అడుగుల పైన. సముద్రమట్టం నుంచి కిలోమీటరు ఎత్తుకు సుమారు 6.5 డిగ్రీల సెల్సియస్ చొప్పున చలి పెరుగుతుందన్న మామూలు లెక్క వేసుకొన్నా, నెమలి ఆడే చోటికీ మంచు నిలిచే చోటికీ మధ్య రెండు ఋతువుల అంతరం ఉంటుంది. కావ్యహిమాలయం ఈ రెంటినీ ఒకే చూపులో కలిపింది. దీన్ని పొరపాటు అనను. కాళిదాసు కుమారసంభవం మొదట్లోనే మంచును ఆ పర్వతానికి ఉన్న ఒకే ఒక లోపంగా తలచి, అన్ని గుణాల మధ్య అది లెక్కకు రాదని పక్కన పెట్టాడు. ఆ మాట తరువాతి కవులందరికీ అనుమతిపత్రంలా పనిచేసింది. మంచు ఉంటుంది, చలి ఉండదు.

మనుచరిత్రలో మంచు ఒక్క పని మాత్రం చేస్తుంది, పసరును కరిగిస్తుంది. ఆ క్షణంలోనే ప్రవరుడు మొదటిసారి నిజంగా పాదచారి అయ్యాడు. ఇక నడవాలి, దిగాలి, దారి వెతకాలి. అలసటకూ చలికీ కథలో చోటు దొరకవలసిన తావు అది. పెద్దన అక్కడికి గాలిని తెచ్చాడు. అయితే ఆ గాలి కస్తూరి, కర్పూరం కలిసిన తాంబూలపు పరిమళాన్ని మోసుకొచ్చి, దగ్గరలో ఒక స్త్రీ ఉందని చెప్పే గాలి. శైత్యం, మాంద్యం, సౌరభ్యం అని మన సంప్రదాయం గాలికి మూడు గుణాలు నిర్ణయించింది. చల్లగా ఉండాలి, మెల్లగా వీచాలి, పరిమళించాలి. మనిషిని నిలవనీయని ఈదురుగాలికి ఈ మూడింటిలో చోటు లేదు. ప్రవరుని ముఖానికి తగిలిన గాలి ఏ ఉద్యానవనంలోనైనా వీచగలిగేదే.

ఆ తరువాత అతని బాధంతా ఇంటి అగ్నుల గురించి, ఆకలితో ఎదురుచూసేవారి గురించి. చివరకు అతన్ని ఇల్లు చేర్చింది అగ్నిదేవుడు. మంచు దారి తప్పించింది, నిప్పు దారి చూపింది. ఈ నిర్మాణం ఎంత చక్కగా కుదిరిందంటే, చలిమంట అన్న మామూలు అర్థంలో నిప్పు ఆ కొండమీద ఉన్న మనిషికి అవసరమన్న ఊహే పాఠకుడికి రాదు. వెనక బెంచీ అబ్బాయికి వచ్చింది.

కింద నుంచి చూసిన శరత్తు

ఉత్తరగిరికి శరత్తు తెలుగునేల శరత్తు వంటిది కాదు. నైరుతి వానలు వెనుదిరిగాక హిమాలయంలో ఆకాశం తేటపడుతుంది, కొండలు స్పష్టంగా కనబడతాయి. వాటితోపాటే రాత్రుళ్లు గడ్డకట్టడం మొదలవుతుంది. ఎత్తైన శిఖరాల మీదికి పశ్చిమపు గాలులు బలంగా తిరిగివస్తాయి. ఎవరెస్టును ఎక్కువమంది శరత్తులో కాక మే నెలలో ఎక్కడానికి ఒక ముఖ్యకారణం ఈ గాలే. మనకు ఆశ్వయుజ కార్తికాలు వెన్నెల కాలం. చలి అన్నది హేమంత శిశిరాల వంతు. ఋతువుల పట్టిక మైదానంలో తయారైంది. కవి కొండ మీదికి వెళ్లినా ఆ పట్టికనే వెంట తీసుకుపోయాడు.

నన్నయ చివరి పద్యంగా సంప్రదాయం చెప్పేది ఆరణ్యపర్వం చతుర్థాశ్వాసంలోని శరద్రాత్రి వర్ణన. ఎఱ్ఱన తన శేషభాగాన్ని అందుకొన్నదీ శరత్కాలపు ఉదయంతోనే. ఈ రెండు పద్యాల మధ్య సంధిని గురించి మనవాళ్లు ఎంతో రాశారు. కథాక్రమంలో ఆ శరత్తు ఎక్కడ వస్తుందన్నదాన్ని మాత్రం అంతగా పట్టించుకోలేదు. మూలకథ ప్రకారం పాండవులు గంధమాదనం మీద ఏళ్ల తరబడి ఉండి, బదరి మీదుగా కొండ దిగి, హిమాలయపు అడవిలో భీముడు కొండచిలువ చేత చిక్కి బయటపడ్డాక, కిందికి వచ్చి ఒక వానకాలం గడుపుతారు. ఆ వానల తరువాత వచ్చిన శరత్తు అది. నక్షత్రాలు, వెన్నెల, కలువల తావి మోసే పిల్లగాలి అంతా కొండ దిగి వచ్చినవాళ్లు మైదానంలో చూసిన శరత్తు. ఉత్తరగిరి మీద వాళ్లు గడిపిన శరత్తులు ఎలా ఉన్నాయో కావ్యం చెప్పలేదు. తెలుగు ఆదికవి గొంతు ఆగిన చోటు కొండ దిగిన తరువాతి తొలి ప్రశాంతత అని గుర్తుపెట్టుకొని చదివితే ఆ వెన్నెలకు వేరే విలువ వస్తుంది. ఎంతో అలసిన తరువాత మాత్రమే అంత వెలుగు అంత నెమ్మదిగా కనిపిస్తుందేమోనని నా ఊహ.

గంధమాదనం: పాదాలు ఒత్తిన చేతులు

అలసిన తరువాత అన్నాను. ఆ అలసటను భారతం దాచలేదు. ఉత్తరగిరి ఆరోహణను దేహపరంగా చెప్పిన ఘట్టం మన సంప్రదాయంలో ఏదైనా ఉంటే అది ఆరణ్యపర్వంలోని గంధమాదన ప్రవేశమే. నన్నయ తన అలవాటు ప్రకారం కథను నిలుపుకొని వివరాన్ని తగ్గించాడు కాబట్టి, వివరం కోసం వ్యాసుని మూలాన్నే అనుసరిస్తాను.

అర్జునుడు అస్త్రాల కోసం వెళ్లాడు. మిగిలినవాళ్లు అతన్ని కలుసుకోవడానికి ఉత్తరానికి బయలుదేరారు. ముందుగా ధర్మరాజు కొందరిని వెనక్కు ఉంచాలని ఆలోచిస్తాడు. దారి కష్టమైనదనీ, ద్రౌపదిని తీసుకొని గంగాద్వారంలో ఉండమనీ భీముడితో అంటాడు. భీముడు ఒప్పుకోడు, నడవలేనివారిని తాను మోస్తానంటాడు. రథాలను, వంటవాళ్లను, పరిచారకులను కుణిందరాజు సుబాహుని దగ్గర విడిచిపెట్టి కాలినడకన సాగుతారు. ఈనాడు పర్వతారోహకులు చేసే ఏర్పాట్లన్నీ ఇందులో ఉన్నాయి. ఎవరు రావాలి, ఎవరు ఆగాలి, బరువు ఎక్కడ దించాలి, కాళ్లు సాగనివారిని ఎవరు చూసుకోవాలి అన్నవన్నీ ముందే మాట్లాడుకొన్నారు.

గంధమాదనం చేరగానే పెనుగాలి మొదలైంది. దుమ్ము, ఆకులు, రాళ్లు కలిసిన గాలి. ఆకాశం చీకటైంది, ఒకరి ముఖం ఒకరికి కనబడలేదు, మాట వినబడలేదు. భీముడు ద్రౌపదిని పట్టుకొని ఒక చెట్టును ఆనుకొని నిలిచాడు. ధర్మరాజు, ధౌమ్యుడు అడవిలో నక్కారు. సహదేవుడు అగ్నిహోత్రాన్ని కాపాడుకొంటూ కొండను ఆశ్రయించాడు. నకులుడు, రోమశుడు, బ్రాహ్మణులు దొరికిన చెట్టును దొరికినట్టు పట్టుకొన్నారు. గాలి తగ్గాక వడగళ్లతో వాన. ఇది తాంబూలపు గాలి కాదు. శైత్య మాంద్య సౌరభ్యాలలో ఒక్క శైత్యం తప్ప మరేదీ దీనికి అంటదు.

వాన వెలిశాక మళ్లీ నడిచారు. ఒక క్రోశం దూరం నడిచారో లేదో ద్రౌపది కూలబడింది. కాళ్లు వణికి, నిలదొక్కుకోలేక పడిపోతుంటే నకులుడు పరుగెత్తి పట్టుకొన్నాడు. ఆమెను జింకచర్మం మీద పడుకోబెట్టారు. చల్లటి చేతులతో తాకి, విసిరి, స్పృహ తెప్పించారు. వింటినారి ఒరిపిడికి కాయలు కాచిన చేతులతో కవలలిద్దరూ ఆమె పాదాలు మెల్లగా ఒత్తారు.

ఈ చివరి వివరం దగ్గర ఆగాలి. కాయలు కాచిన చేతులు అన్న మాట యుద్ధవర్ణనలో వస్తే వీరత్వానికి గుర్తు. ఇక్కడ ఆ గరుకుతనం అలసిన పాదాల మీద ఎలా తగిలి ఉంటుందో పాఠకుడి చర్మానికి తెలుస్తుంది. ధర్మరాజు ఆ సమయంలో చేసిన విలాపంలో ద్రౌపది తప్పు ఒక్కటీ లేదు. తన జూదం వల్ల ఈమెకు ఈ గతి పట్టిందని తనను తాను నిందించుకొన్నాడు. పడిపోయినందుకు పడినవారిని కాక, అక్కడికి తెచ్చినవారిని బాధ్యులను చేసిన కథనం ఇది.

తరువాత భీముడు తలచుకోగానే ఘటోత్కచుడు వచ్చాడు. ద్రౌపదిని అతను ఎత్తుకొన్నాడు, పాండవులనూ బ్రాహ్మణులనూ అతని వెంట వచ్చిన రాక్షసులు ఎత్తుకొన్నారు. అందరూ బదరి చేరారు. అక్కడ గాలి ఈశాన్యం నుంచి ఒక సౌగంధికపుష్పాన్ని తెచ్చి ద్రౌపది ముందు వేసింది. పరిమళపు గాలి వ్యాసుడి దగ్గరా ఉంది కానీ పెనుగాలి తరువాతే వచ్చింది. మన కవులు మొదటిదాన్ని వదిలి రెండోదాన్ని మాత్రమే పెంచారు. సౌగంధికం ఎంత ప్రసిద్ధమో మనకు తెలుసు. క్రోశం దూరంలో కూలబడిన ద్రౌపదిని పాఠ్యపుస్తకాలలో నేను చూడలేదు.

ఇక ఘటోత్కచుడి భుజాల సంగతి. కొండ ఎక్కాలన్న సంకల్పం రాజులది, ఎక్కించిన వెన్ను అడవిలో పుట్టినవాడిది. ఇది ఉపకథగా చెప్పి దాటవలసింది కాదు. మళ్లీ వస్తాను.

మహాప్రస్థానం: వెనుదిరిగి చూడని నడక

అదే ద్రౌపది అదే ఉత్తరదిక్కున మరోసారి పడిపోయింది. తిక్కన తెలుగు చేసిన మహాప్రస్థానికపర్వంలో పాండవులు హిమవంతాన్ని దాటి, ఇసుక సముద్రాన్ని దాటి, మేరువు వైపు నడుస్తారు. ముందుగా ద్రౌపది పడుతుంది. భీముడు కారణం అడుగుతాడు. ఆమెకు అర్జునుడి మీద పక్షపాతం ఉండేదని ధర్మరాజు చెబుతాడు. ఆమె వైపు చూడకుండానే ముందుకు సాగిపోతాడు. తరువాత తెలివి గర్వం వల్ల సహదేవుడు, అందం గర్వం వల్ల నకులుడు, ఒక్కరోజులో శత్రువులను దహిస్తానన్న ప్రగల్భం వల్ల అర్జునుడు, తిండి, బలగర్వం వల్ల భీముడు పడిపోతారు. ఎముకలు కొరికే చలిలో నిరాహారంగా వేల కోసులు నడిచిన వృద్ధులు వీళ్లు. ఒక్కరి పతనానికైనా చలి కారణమని, ఆకలి కారణమని, ముసలితనం కారణమని కథనం అనదు.

ఈ పర్వానికి తాత్త్వికమైన అర్థం ఉంది, దాన్ని కాదనను. ఇది కొండయాత్ర కాదు, దేహాన్ని విడిచే యాత్ర అనే సమాధానమూ న్యాయమైనదే. అయినా ఒకే ఇతిహాసంలో, ఒకే దిక్కులో, ఒకే మనిషి రెండుసార్లు పడిపోతే మొదటిసారి పాదాలు ఒత్తారు, రెండోసారి దోషం చెప్పారు. మొదటిసారి ధర్మరాజు తప్పు తనదన్నాడు, రెండోసారి ఆమెదన్నాడు. మన సాంస్కృతిక స్మృతిలో నిలిచింది రెండోదే. శ్రీశ్రీ తన సంపుటికి పెట్టుకొన్న పేరు కూడా ఆ యాత్రదే. గంధమాదనం పేరుతో ఎవరూ సంపుటి వేయలేదు. పడినవాడు తన లోపం వల్లనే పడ్డాడన్న భావన మనకు అంత సహజమైపోయింది.

హరవిలాసంలో శ్రీనాథుడు చలిని ఇంకోవిధంగా స్వీకరించాడు. కాళిదాసును అనుసరించి చెప్పిన పార్వతి తపస్సులో చలి ఉంది, అయితే అది ఆమె కోరి తెచ్చుకొన్న చలి. ఎంత బాధిస్తే అంత ఫలం. బాధను తపస్సుగా లెక్కకట్టగానే ఫిర్యాదుకు అవకాశం పోతుంది. విచిత్రమేమిటంటే, ఇదే శ్రీనాథుడి పేరుతో పల్నాటి మీద ప్రచారంలో ఉన్న చాటువులలో ఆయన దేహం అరుస్తుంది. జొన్నకూడు గొంతు దిగదు, నీళ్లు దొరకవు, ఎటు చూసినా రాళ్లు. వీటి కర్తృత్వం సంగతి ఎలా ఉన్నా, పాఠకలోకం ఆ కవికి రెండు గొంతులు ఇచ్చిందన్నది స్పష్టం. కావ్యంలో దేహం సహించాలి, చాటువులో దేహం విసుక్కోవచ్చు. హిమాలయానికి మనకు చాటువులు లేవు. అక్కడికి వెళ్లి విసుక్కొన్నవాడు లేడు కాబట్టి.

చలిని కొలిచినవాడు మాత్రం ఉన్నాడు. తూర్పుగోదావరి ప్రాంతంలో పుట్టిన స్వామి ప్రణవానంద 1936–37లో మానససరోవరం ఒడ్డున శీతకాలమంతా ఉండి, సరస్సు గడ్డకట్టడాన్నీ మళ్లీ కరగడాన్నీ పరిశీలించి నమోదు చేశాడు. కలకత్తా విశ్వవిద్యాలయం 1939లో ప్రచురించిన టిబెట్ అన్వేషణ గ్రంథం, 1949లో వచ్చిన కైలాస మానససరోవర గ్రంథం రెండూ ఇంగ్లీషులో ఉన్నాయి. ఒక తెలుగువాడి ఒంటికి తగిలిన ఉత్తరపు చలి అలా ఇంగ్లీషు వాక్యాలలో నిలిచింది. మన యాత్రాసాహిత్య పరిశోధన ఆయనకు ఇంకా బాకీ ఉంది.

కోటప్పకొండ: దిగివచ్చిన దేవుడు

ఇప్పుడు ఇంటికి వస్తాను. నరసరావుపేట దగ్గరి కోటప్పకొండకు శివరాత్రి తిరునాళ్లు, ఎత్తైన ప్రభలు ప్రసిద్ధి. కార్తికంలోనూ శావల్యాపురం వైపు నుంచి జనం వెళతారు. వేకువన మెట్లదారిన ఎక్కితే సగం దూరంలో ఒళ్లు చెమర్చి, మలుపు తిరగగానే ఎదురుగాలికి ఆ చెమట చల్లబడి వణికిస్తుంది. హిమాలయంతో పోల్చదగిన ఎత్తు కాదు. కానీ చలి, గాలి, అలసట అనే మూడూ ఒకేసారి ఒంటికి తెలిసే చోటు.

ఆ కొండ కథ అందరికీ తెలిసిందే. గొల్లభామ ఆనందవల్లి రోజూ కొండెక్కి అక్కడి జంగమదేవరను సేవిస్తుంది. ఒకసారి ఆమె మోసుకొచ్చిన నీటిని కాకి ఒలకబోసింది. ఈ కొండకు కాకులు రాకూడదని శపించింది. ఆమె భక్తిని పరీక్షించడానికి జంగమదేవర ఆమెకు గర్భం కలిగించాడు. నిండుచూలాలైనా ఎక్కుతూనే ఉంది. చివరకు ఇక ఎక్కలేను, నీవే దిగిరావాలని కోరింది. దేవుడు ఒప్పుకొన్నాడు. నీ వెనకే వస్తాను, ఇల్లు చేరేవరకు వెనుదిరిగి చూడవద్దన్నాడు. కొండ బద్దలైనట్లు ధ్వని వచ్చింది, ఆమె వెనుదిరిగి చూసింది. దేవుడు అక్కడే బ్రహ్మశిఖరం మీద లింగమై నిలిచిపోయాడు. రుద్రశిఖరం మీద పాత కోటయ్య గుడి, దానికి దిగువన బ్రహ్మశిఖరం మీద ఇప్పటి గుడి ఉన్నాయి. దేవుడు సగం దిగి ఆగాడన్నదానికి కొండే సాక్ష్యం.

ఈ కథను భక్తికథగా, స్థలపురాణంగా చదివారు. ఆరోహణకథగా చదివితే ఇది పై కావ్యాలన్నిటికీ ఎదురు నిలుస్తుంది. ఒలికిన నీటికి అంత కోపమెందుకు? ఆ కడవ కొండ ఎంత పొడవుందో అంత పొడవునా మోసిన కడవ. ఆ శాపం అసంగతమని పరిశోధకులు తలపట్టుకొనవసరం లేదు, నీళ్లబిందె మోసిన ఏ ఆడమనిషినైనా అడగవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, ఎక్కలేనని చెప్పడం ఇక్కడ దోషం కాలేదు. అలసట ఒక వాదంగా నిలిచింది, దేవుడు ఆ వాదానికి లొంగాడు. పసరు ఇచ్చి పంపలేదు, రాక్షసుణ్ని పిలిపించలేదు. తానే దిగాడు.

వెనుదిరిగి చూడటం అన్న అంశం మరీ ఆసక్తికరం. మహాప్రస్థానంలో ధర్మరాజు వెనక పడిపోయినవారిని చూడలేదు, అందుకే స్వర్గం చేరాడు. గొల్లభామ చూసింది, అందుకే దేవుడు ఊరిదాకా రాలేదు. ఆమె చూపును భయమని, మానవసహజమైన బలహీనతని వ్యాఖ్యానించడం మామూలే. వెనక ఏదో విరిగిపడిన చప్పుడైతే వెంట వచ్చేవారు ఏమయ్యారోనని చూడటం కొండదారిలో నడిచేవారి ధర్మం కూడా. ఆ చూపు వల్ల ఆమెకు నష్టం జరిగింది కానీ పల్నాడుకు కోటప్పకొండ మిగిలింది. కొండమీద ఆమెకూ గుడి కట్టారు. తప్పు చేసిందని భావించి ఉంటే కట్టి ఉండేవారు కాదు.

2014, 2015

ఈ పఠనానికి నన్ను పురికొల్పింది నిజానికి కావ్యాలు కావు, ఈ కాలపు రెండు సంఘటనల గురించి మనం మాట్లాడిన తీరు. 2014 మే 25న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు శిఖరం చేరారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు. పూర్ణ నిజామాబాద్ జిల్లా పాకాలలో లంబాడా కుటుంబంలో పుట్టిన అమ్మాయి, అప్పటికి వయసు 13 సంవత్సరాల 11 నెలలు. భువనగిరి బండ మీద మొదలైన శిక్షణ డార్జిలింగ్, లడఖ్ మీదుగా సాగింది. ఎక్కింది టిబెట్ వైపు నుంచి, అంటే శిఖరపు ఉత్తరపు దారిన. భారతంలో ఉత్తరగిరికి వెళ్లినవాళ్లు రాజులు, బ్రాహ్మణులు, మోసినవాళ్లు అడవివాళ్లు. ఇక్కడ ఎక్కిన కాళ్లే ఆదివాసీ, దళిత కుటుంబాలవి. తెలుగు సాహిత్యచరిత్రతో కలిపి చూస్తే ఇది చిన్న మార్పు కాదు.

దీన్ని మనం చెప్పుకొన్న తీరులో మాత్రం మళ్లీ పాదలేపం వచ్చిపడింది. సభలలో, పత్రికలలో, ఉపన్యాసాలలో పట్టుదల అన్న ఒక్క మాట నెలల శిక్షణను, ప్రాణవాయువు సిలిండర్లను, తాళ్లు కట్టిన షెర్పాలను మింగేసింది. సముద్రమట్టంతో పోలిస్తే మూడోవంతు ప్రాణవాయువే అందే చోట సంకల్పం ఎంత ఉన్నా ఊపిరితిత్తులు చేయగలిగింది కొంతే. అదే సంవత్సరం ఏప్రిల్ 18న ఎవరెస్టుకు నేపాల్ వైపున హిమపాతంలో 16 మంది నేపాలీ కార్మికులు చనిపోయారు. ఇతరుల బరువులు, తాళ్లు మోసే పనిలో ఉన్నవాళ్లు. వాళ్లకు పట్టుదల తక్కువైందని ఎవరైనా అనగలరా? విజయానికి గుణమే కారణమని చెప్పే ప్రతి వాక్యమూ, చెప్పకపోయినా, పతనానికి దోషమే కారణమనే మహాప్రస్థాన న్యాయాన్ని వెంట తెస్తుంది.

నెల్లూరు జిల్లా గాంధీ జనసంఘంలో పుట్టిన మల్లి మస్తాన్ బాబు 2006లో 172 రోజులలో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలు ఎక్కాడు. 2015 మార్చి చివరి వారంలో అర్జెంటీనా, చిలీ సరిహద్దున ఆండీస్‌లోని త్రెస్ క్రూసెస్ మీద ఒంటరిగా ఉండగా అతని జాడ తెలియకుండా పోయింది. దక్షిణార్ధగోళంలో అది శరత్తు. చలిగాలులు మొదలయ్యే కాలం. ఏప్రిల్ 3న దేహం దొరికింది. ఆ తరువాత నేను విన్న మాటలలో రెండు రకాలున్నాయి. ఒకటి అతన్ని పర్వతాలు పిలిచాయన్న కవిత్వం. రెండోది ఒంటరిగా వెళ్లడం అతని తప్పన్న తీర్పు. మొదటిది మనుచరిత్ర మార్గం, రెండోది మహాప్రస్థాన మార్గం. ఆ చివరి గుడారంలో ఎంత చలి ఉండి ఉంటుంది, గాలికి బట్ట ఎలా కొట్టుకొని ఉంటుంది, వేళ్లు స్పర్శ కోల్పోవడం ఏ క్రమంలో జరుగుతుంది అన్నవి అడిగిన తెలుగు వాక్యం నాకు ఎదురుపడలేదు. అడగడానికి మనకు నమూనా లేకపోలేదు. గంధమాదనం మీద కవలలు చేసింది అదే. కారణం తరువాత చూడవచ్చు, ముందు పాదాలు పట్టుకొందామన్నట్లు ప్రవర్తించారు.

మరుసటి సంవత్సరం మనుచరిత్ర పాఠానికి ముందు ఆరణ్యపర్వంలోని ఆ గాలివాన ఘట్టాన్ని చెప్పాను. పాఠప్రణాళికలో లేదు, ఒక గంట పోయింది. ఈసారి దుప్పటి గురించి ఎవరూ అడగలేదు. ముందు వరుసలో కూర్చున్న అమ్మాయి, రాక్షసులకు చలి వేయదా సార్ అని అడిగింది. వాళ్లు అంతమందిని మోస్తూ అంత ఎత్తు వెళ్లారు కదా అంది. వ్యాసుడు ఆ సంగతి రాయలేదమ్మా అన్నాను. ఆ అమ్మాయి తలూపి, పుస్తకం అంచున ఏదో రాసుకొంది.